గుర్రం నడక బాగుపడాలంటే: కొలత, చేతులు, కర్రలు

ట్రాట్ (కాళ్ళు జంటలుగా వేసే చిన్న పరుగు) బాగానే ఉంది, క్యాంటర్ (దౌడు కంటే నెమ్మదైన పరుగు) కూడా ఫరవాలేదు, నడకకు వచ్చేసరికి మాత్రం గుర్రం ఈడ్చుకుంటూ పోతోంది, లేదంటే చిందులు తొక్కుతోంది. ఏం చేయాలి? రైడింగ్ కొంత వచ్చి, డ్రెసాజ్ పరీక్షలకు (గుర్రం గతులకు, విధేయతకు మార్కులు వేసే పోటీలకు) సిద్ధమవుతున్నవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్న ఇది. అడగాల్సిన ప్రశ్నే. పై స్థాయి పరీక్షలైన ప్రీ సెయింట్ జార్జ్, గ్రాండ్ ప్రీలలో ఎక్స్‌టెండెడ్ వాక్‌కు (అడుగు వీలైనంత చాచే నడకకు) వేసిన మార్కును రెట్టింపు చేసి లెక్కిస్తారు. కింది స్థాయి పరీక్షల్లో కూడా ఫ్రీ వాక్ (పగ్గాలు పొడుగ్గా వదిలి నడిపించే నడక) చూసి న్యాయనిర్ణేత గుర్రం వీపు, మనసు ఎంత వదులుగా ఉన్నాయో చెప్పేస్తారు.

మొదటే ఒక సంగతి తెలుసుకోండి. మూడు గతుల్లో బాగుచేయడం కష్టమైనది నడక, పాడుచేయడం అతి తేలికైనదీ నడకే. ట్రాట్‌లో, క్యాంటర్‌లో నాలుగు కాళ్ళూ గాలిలో ఉండే క్షణం ఒకటి ఉంటుంది, ఆ ఊపు రౌతు తప్పును కొంత కప్పేస్తుంది. నడకలో ఆ క్షణం లేదు. పగ్గం బిగిస్తే మరుసటి అడుగే పొట్టిదవుతుంది. అందుకే ఇక్కడ చెప్పే ఆరు వారాల పద్ధతిలో సగం పని గుర్రానికి కొత్తది నేర్పడం కాదు, నడకను చెడగొడుతున్నది ఆపడం.

మంచి నడక ఎలా ఉంటుంది

సిద్ధాంతం ఇంతవరకు చాలు. నడకలో నాలుగు దెబ్బలు వినిపించాలి: ఎడమ వెనకకాలు, ఎడమ ముందుకాలు, కుడి వెనకకాలు, కుడి ముందుకాలు. నాలుగింటి మధ్య ఎడం సమానంగా ఉండాలి. మీడియం వాక్‌లో (పగ్గాలు అందుకుని వేసే మామూలు నడకలో) వెనక గిట్ట, అదే పక్క ముందు గిట్ట వేసిన గుర్తును దాటి పడాలి. ఎక్స్‌టెండెడ్ వాక్‌లో స్పష్టంగా దాటాలి. కలెక్టెడ్ వాక్‌లో (ఒళ్ళు కుదించుకుని పొట్టి అడుగులు వేసే నడకలో) ఆ గుర్తులోనో, దాని వెనకో పడితే తప్పు కాదు. తల, మెడ ప్రతి అడుగుకూ ముందుకూ కిందికీ ఊగుతుండాలి. వీపు కదలాలి, తోక వదులుగా అటూ ఇటూ ఆడాలి.

వీటిలో లయ అన్నిటికంటే ముఖ్యం. పొడవైన అడుగు కోసం లయను వదులుకోకండి.

మొదలుపెట్టే ముందు

నొప్పితో ఉన్న గుర్రానికి ఏ శిక్షణా పనిచేయదు. ఈ నాలుగూ చూసుకోండి.

- గిట్టలు: లాడాలున్న గుర్రానికి 4 నుంచి 6 వారాలకోసారి, లాడాలు లేనిదానికి 6 నుంచి 8 వారాలకోసారి నాల్‌బంద్ (లాడాలు వేసే మనిషి) చేతులు పడాలి. ముందు గిట్టల మొన పొడుగైపోతే అడుగు తడబడుతుంది, మొన నేలకు తగులుతుంది.
- జీను: మూపు మీద నొక్కకూడదు, వెన్నెముక పైన ఖాళీ కనిపించాలి. పని తర్వాత జీను తీసి చూడండి. చెమట పట్టినచోట మధ్యలో పొడి మచ్చ ఒకటి మిగిలితే అక్కడ ఎక్కువ ఒత్తిడి పడుతోందని అనుమానించాలి.
- నోరు: పళ్ళ పరీక్ష ఏడాదికోసారైనా జరగాలి. దవడ పళ్ళ అంచులు బుగ్గను గీరుతుంటే గుర్రం బిట్‌ను (కళ్ళెంలో నోట్లో ఉండే కడ్డీని) నమ్మదు.
- కుంటు: గట్టినేల మీద సైసు (గుర్రాన్ని చూసుకునే పనిమనిషి) చేత నేరుగా ట్రాట్ చేయించి చూడండి. ముందుకాలు నొప్పి అయితే ఆ కాలు నేలకు తగిలినప్పుడు తల పైకి లేస్తుంది. అనుమానం ఉంటే పశువైద్యుడు చూశాకే మిగతా పని.

కావలసినవి

- 60 మీటర్ల పొడవున సమతలంగా, గట్టిగా ఉన్న ఇసుక నేల. మైదానం అయినా పరవాలేదు
- కొలత టేపు, గుర్తులకు సున్నం, నేల చదును చేసే పళ్ళగొర్రు
- స్లో మోషన్ వీడియో తీసే ఫోన్, స్టాప్‌వాచ్
- 3 మీటర్ల పొడవు, 10 నుంచి 12 సెంటీమీటర్ల మందం ఉన్న కర్రలు ఐదు. సరుగుడు కర్రలు ఇందుకు చక్కగా సరిపోతాయి, కోస్తా జిల్లాల్లో తేలిగ్గా దొరుకుతాయి. బెరడు తీయించి, కణుపులు చెక్కించి, తెల్లరంగు వేయించండి
- కర్ర దొర్లకుండా రెండు కొసలా పెట్టడానికి ఇసుక నింపిన చిన్న సంచులు
- మామూలు స్నాఫిల్ బిట్ (సాదా రకం కళ్ళెపు కడ్డీ), గుర్రం మెడకు వేసే తోలు పట్టీ, హెల్మెట్
- నేల మీద నిలబడి చూసే మనిషి ఒకరు

వెదురు బొంగులు వాడకండి. తేలిక కాబట్టి గిట్ట తగలగానే దొర్లుతాయి, దాని మీద కాలు పడితే గుర్రం కూలుతుంది. ప్లాస్టిక్ నీటి పైపులు అంతకంటే ప్రమాదం, పగిలితే అంచులు కత్తుల్లా ఉంటాయి.

1. ఇప్పుడున్న నడకను కొలవండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా కర్రల దగ్గరికి పోతారు. కొలవకపోతే ఆరు వారాల తర్వాత మీ దగ్గర మిగిలేది "కొంచెం బాగుపడినట్టుంది" అన్న మాట ఒక్కటే.

నేల మీద సరిగ్గా 50 మీటర్ల దూరానికి రెండు సున్నపు గీతలు గీయండి. మధ్యలో పది మీటర్ల మేర ఇసుక చదును చేయండి. గుర్రాన్ని పది నిమిషాలు నడిపించి ఒళ్ళు వెచ్చబడ్డాక, తొలి గీతకు ఐదు మీటర్ల ముందే నడక అందుకుని నేరుగా రెండో గీత దాటండి. నేల మీదున్న మనిషి రెండు లెక్కలు రాసుకోవాలి: ఎన్ని సెకన్లు పట్టింది, ఎడమ వెనకకాలు ఎన్నిసార్లు నేలకు తగిలింది. మూడుసార్లు చేసి సగటు తీయండి.

ఆ రెండు అంకెలతో చాలా తెలుస్తుంది. ఉదాహరణకు 33 సెకన్లలో 31 అడుగులు వచ్చాయనుకోండి. ఇక్కడ అడుగంటే ఎడమ వెనకకాలు ఒకసారి తగిలిన దగ్గర్నుంచి మళ్ళీ తగిలేదాకా. 50ని 31తో భాగిస్తే అడుగు పొడవు 1.61 మీటర్లు. లయ, అంటే నిమిషానికి వేసే అడుగులు, 56. వేగం గంటకు 5.5 కిలోమీటర్లకు దగ్గర.

ఇప్పుడు ఇద్దరు రౌతులు ఇదే గుర్రాన్ని "బాగుచేశారు" అనుకుందాం. ఇద్దరికీ 50 మీటర్లకు 30 సెకన్లే పట్టింది, అంటే గంటకు 6 కిలోమీటర్లు. ఒకరి లెక్కలో అడుగులు 28, పొడవు 1.79 మీటర్లు, లయ 56 దగ్గరే ఉంది. మరొకరి లెక్కలో అడుగులు 33, పొడవు 1.52, లయ 66. మొదటి గుర్రం నడక బాగుపడింది. రెండోది తరుముకుపోతోంది. గుర్రం మీద కూర్చుంటే ఈ తేడా పట్టుకోవడం కష్టం, రెండూ చురుగ్గానే ఉన్నట్టనిపిస్తాయి. కాబట్టి గుర్తుపెట్టుకోండి: లయ అలాగే ఉండి అడుగుల సంఖ్య తగ్గాలి.

ఇక చదును చేసిన ఇసుకలో ముందు గిట్ట గుర్తు మొన నుంచి, దాన్ని దాటి పడిన అదే పక్క వెనక గిట్ట గుర్తు మొన దాకా టేపుతో కొలవండి. ఎడమవైపు ఐదు, కుడివైపు ఐదు కొలతలు విడివిడిగా రాయండి. రెండు వైపులకూ బాగా తేడా ఉంటే అది శిక్షణ లోపం కాకపోవచ్చు, ఆ పక్క ఎక్కడో బిగుతో నొప్పో ఉండి ఉంటుంది.

చివరగా వీడియో. పక్కనుంచి పది మీటర్ల దూరంలో నిలబడి, ఫోన్‌ను గుర్రం కడుపు ఎత్తులో పట్టుకుని స్లో మోషన్‌లో తీయండి. వెనకకాలు ముందుకొచ్చి నేలకు తగలబోయే క్షణంలో ఆపి చూడండి. అదే పక్క ముందుకాలు అప్పుడే లేస్తూ ఉండాలి, రెండు కాళ్ళూ కలిసి ఇంగ్లీషు 'వీ' అక్షరంలా కనిపించాలి. అలా కాకుండా రెండూ జంటగా, సమాంతరంగా కదులుతుంటే లయ చెడింది. దాని సంగతి వేరుగా కింద చెప్పాం.

2. ముందు మీ చేతులు

నడకలో గుర్రం తల ప్రతి పూర్తి అడుగుకూ రెండుసార్లు ముందుకు పోయి వెనక్కి వస్తుంది. మీ చేతులు కదలకుండా ఉంటే గుర్రం ప్రతి నిమిషం వందసార్లకు పైగా బిట్‌ను గుద్దుకుంటుంది. కొన్నాళ్ళకు తల ఊపడం మానేస్తుంది. తల ఆగితే మెడ బిగుస్తుంది, మెడ బిగిస్తే వీపు, వీపు బిగిస్తే వెనకకాలు పొట్టిదవుతుంది. చేయి "స్థిరంగా" ఉండాలని నేర్పినప్పుడు నేల నుంచి స్థిరంగా అని చాలామంది అర్థం చేసుకుంటారు. గుర్రం నోటి నుంచి స్థిరంగా అని దాని అర్థం.

చేయాల్సింది ఇది. చిటికెన వేళ్ళు రెండూ మెడపట్టీలో దూర్చి, పగ్గాలు వదులుగా వదిలి ఐదు నిమిషాలు నడవండి. పట్టీ మీ మోచేతులను ఎప్పుడు తెరుస్తోందో, ఎప్పుడు మూయనిస్తోందో గమనించండి. ఆ కదలిక భుజంలో, మోచేతిలో ఉంటుంది, మణికట్టులో కాదు. తర్వాత వేళ్ళు తీసి, పగ్గాలు మెల్లగా అందుకుని అదే కదలికను కొనసాగించండి.

సరిగా చేస్తున్నారో లేదో పగ్గమే చెబుతుంది. పక్కనున్న మనిషిని పగ్గం మాత్రమే చూడమనండి. ఒక్కో అడుగుకు వేలాడి, టక్కున బిగుస్తుంటే మీరు వెంబడించడం లేదు. ఎప్పుడూ వేలాడుతూనే ఉంటే చేతులు ముందుకు తోసేస్తున్నారు. చేతుల్ని మీరు తోయకూడదు, గుర్రం తీసుకుపోవాలి. పక్కలకు ఊపడం అస్సలు వద్దు, అది తల వంచినట్టు చూపిస్తుందే తప్ప అడుగును ఎదగనివ్వదు.

ఈ ఒక్క మెట్టు మీద రెండు వారాలు గడిపినా నష్టం లేదు. స్కూల్ గుర్రాల్లో చాలావాటి నడక, ఇంకేమీ చేయకుండా, దీనితోనే మారడం మొదలవుతుంది.

3. కాలు ఎప్పుడు వేయాలో నేర్చుకోండి

వెనకకాలు గాలిలో ఉన్నప్పుడే దాన్ని ఇంకొంచెం ముందుకు రమ్మని అడగగలం. నేల మీద ఉన్న కాలును పిక్కతో ఎంత నొక్కినా అది అడుగు పొడవు పెంచదు, గుర్రాన్ని తొందరపెడుతుంది.

ఆ క్షణం తెలుసుకోవడం తేలికే. గుర్రం ఎడమ వెనకకాలు ముందుకు వస్తున్నప్పుడు కడుపు కుడివైపుకు ఊగుతుంది, మీ ఎడమ కాలికింద ఖాళీ ఏర్పడి కాలు దానంతటదే లోపలికి వాలుతుంది. అదే అడగాల్సిన సమయం. కుడివైపుకూ అంతే. రికాబులు వదిలేసి, కాళ్ళు బరువుగా వేలాడదీసి పది నిమిషాలు నడిస్తే కడుపు ఊపు స్పష్టంగా తెలుస్తుంది. మీకు తెలిసిన ప్రతిసారీ "ఎడమ… ఎడమ" అని పైకి అనండి, నేల మీదున్న మనిషి ఒప్పో తప్పో చెబుతారు.

తెలిశాక ఎడమ, కుడి, ఎడమ, కుడి అంటూ పిక్క తాకించండి. అది కూడా మూడు నాలుగు అడుగులు మాత్రమే. గుర్రం స్పందించగానే ఆపండి, కూర్చుని దాని ఊపుతో వెళ్ళండి. రెండు కాళ్ళూ ఒకేసారి ప్రతి అడుగుకూ తన్నేవాళ్ళ గుర్రం కొద్దిరోజుల్లోనే కాలు మాట వినడం మానేస్తుంది. స్పందన రాకపోతే అదే బలంతో మళ్ళీ మళ్ళీ అడగకండి. ఒకసారి గట్టిగా అడగండి, లేదా పిక్క వెనకే పొడుగు కొరడాతో ఒక్కసారి తాకించండి. అప్పుడు గుర్రం ట్రాట్‌లోకి దూకినా పగ్గం లాగి శిక్షించవద్దు, ముందుకు వచ్చినందుకు మెచ్చుకుని మెల్లగా నడకలోకి తీసుకురండి.

ఇంకో తప్పు నడుముతో తోయడం. జీనును ముందుకు దున్నుతున్నట్టు కూర్చుంటే గుర్రం వీపు కిందికి దించుకుంటుంది, మనం కోరేదానికి సరిగ్గా వ్యతిరేకం.

4. మైదానం వదిలి బయటికి వెళ్ళండి

నడకను పెంచే చోటు నాలుగు గోడల మధ్య లేదు. వారానికి మూడురోజులైనా 30 నుంచి 40 నిమిషాలు బయట, పొడుగు పగ్గాలతో, ఎక్కడికో పని మీద పోతున్నట్టు నడిపించండి. చురుగ్గా నడిచే మరో గుర్రం పక్కన ఉంటే మరీ మంచిది.

కాలువ గట్టు, పొలాల మధ్య మట్టిబాట, చెరువు కట్ట మీదికి ఎక్కే బండ్లబాట, ఇవన్నీ పనికొస్తాయి. కట్ట పక్కవాలు నిటారుగా ఉంటుంది, దాని మీదుగా ఎక్కించకండి, వాలు తక్కువగా ఉన్న బాట వెతకండి. ఎక్కేటప్పుడు మెడ వదిలి, మీరు కొంచెం ముందుకు వంగి, గుర్రాన్ని నడకలోనే ఉంచండి. ట్రాట్‌లోకి పారిపోతే వెనకకాళ్ళకు పడాల్సిన శ్రమ తప్పించుకున్నట్టే. దిగేటప్పుడు నేరుగా, నిదానంగా దించండి. మొదటి వారం రెండుసార్లు ఎక్కిస్తే చాలు, తర్వాత ఐదారుకు పెంచవచ్చు.

సముద్రతీరం దగ్గరున్నవాళ్ళు తడిసి గట్టిపడ్డ ఇసుక మీద నడిపించండి. కాలు దిగబడే పొడి ఇసుకలో పది నిమిషాలు కూడా ఎక్కువే, ముందుకాళ్ళ టెండన్లు దెబ్బతింటాయి.

ఎండాకాలంలో పొద్దున ఏడులోపు పని ముగించండి. ఉక్కపోత ఉన్న తీరప్రాంతంలో గుర్రానికి చెమట త్వరగా ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అలసిన గుర్రం అడుగు పొట్టిదవడం సహజం, దాన్ని బద్ధకం అనుకుని కొట్టకండి.

5. కర్రలు

కర్రల మధ్య దూరం పుస్తకం చూసి పెట్టకండి, మీ గుర్రం కొలత చూసి పెట్టండి. 1వ మెట్టులో వచ్చిన అడుగు పొడవులో సగమే సరైన దూరం. 1.61 మీటర్లు వచ్చిన గుర్రానికి 80 సెంటీమీటర్లు. 15, 16 చేతుల ఎత్తున్న (చేయి అంటే నాలుగు అంగుళాలు) గుర్రాలకు సాధారణంగా 80 నుంచి 90, పోనీలకు 70 నుంచి 75 దగ్గర వస్తుంది.

మొదటిరోజు ఒక్క కర్ర. గుర్రం ఆగి వాసన చూస్తానంటే చూడనివ్వండి. భయపడితే సైసు ముందు నడిచి దాటించాలి. ఒక్క కర్రను తల దించి, లయ తప్పకుండా దాటుతోందంటే మూడు పెట్టండి. రెండు మాత్రం ఎప్పుడూ పెట్టకండి, గుర్రం రెంటినీ కలిపి ఒక్క దూకుడులో దాటేయాలని చూస్తుంది. మూడు కుదిరాక నాలుగు, ఐదు.

దాటేటప్పుడు చూపు ఎదురుగా ఉన్న చెట్టు మీదో స్తంభం మీదో ఉండాలి. కిందికి చూస్తే బరువు ముందుకు పడుతుంది, చేతులు బిగుస్తాయి. పగ్గాలు గుర్రం తల కిందికి చాపేంత పొడుగ్గా వదలండి. ప్రతి గిట్టా రెండు కర్రల మధ్య ఖాళీకి సరిగ్గా నడిమధ్యన పడాలి, ఇసుకలో గుర్తులు చూసి తేల్చుకోవచ్చు. గుర్తులు వెళ్తూ వెళ్తూ ముందు కర్రకు దగ్గరవుతుంటే దూరం తక్కువైంది. వెనక కర్రకు దగ్గరవుతుంటే, లేదా గిట్ట కర్రకు తగులుతుంటే దూరం ఎక్కువైంది.

ఒక వారం ఆ దూరంలోనే ఉండి, తర్వాత వారానికి 2 నుంచి 3 సెంటీమీటర్ల చొప్పున పెంచండి. అంతకంటే ఎక్కువ లాగితే గుర్రం మధ్యలో ఒక పొట్టి అడుగు వేసి సర్దుకుంటుంది, మీరు నేర్పాలనుకున్నది పోయి గెంతు నేర్చుకుంటుంది. ఐదో వారం నుంచి దూరం పెంచే బదులు ఎత్తు పెంచవచ్చు. ఒక కర్రకు ఎడమ కొస, తర్వాతదానికి కుడి కొస 10 నుంచి 15 సెంటీమీటర్లు లేపండి. ఎత్తు పెంచిన రోజు దూరం తగ్గించి మొదలుపెట్టాలి, రెండూ ఒకేసారి పెంచకూడదు.

వారానికి రెండుసార్లు, ఒక్కో పూట ఆరు నుంచి పది దాటింపులు. ఇది కండరాలకు బరువైన పని, చూడటానికి తేలికగా ఉంటుంది కాబట్టే అందరూ మోతాదు మించుతారు. పదిసార్లలో ఎనిమిదోసారి గిట్ట కర్రకు తగలడం మొదలైతే ఆ రోజుకు ఆపేయండి.

కర్రలు లేనివాళ్ళు దారిలో రహదారి వేగనిరోధకాల మీదుగా నడిపించడం చూస్తుంటాం. వద్దు. తారు మీద లాడం జారుతుంది. దానికంటే ఎత్తుపల్లాలున్న గడ్డినేల ఎంతో మేలు.

6. మార్పులతో పని

మైదానంలో చేసేరోజు ఎడతెగని నడక వద్దు, గుర్రం నిద్రపోతుంది. నడక పది పన్నెండు అడుగులు, నాలుగు లెక్కపెట్టేదాకా ఆగడం, మళ్ళీ నడక. ఆగిన తర్వాత వేసే మొదటి అడుగు చూడండి, అది వెనకకాలితో పెద్దగా పడితే బాగుంది. ముందుకాలు ఈడ్చి మొదలుపెడితే కాలు మాట ఇంకా అందలేదు.

20 మీటర్ల వలయంలో ట్రాట్ ఒక చుట్టు, నడక అరచుట్టు చేసి చూడండి. చాలా గుర్రాలకు ట్రాట్, క్యాంటర్ అయ్యాక వీపు వదులై నడక తనంతట తానే పెరుగుతుంది. అలాంటి గుర్రానికి నడక పని పూట చివర్లో పెట్టండి.

షోల్డర్ ఇన్ (గుర్రం భుజాలను గోడ నుంచి లోపలికి తెచ్చి ఏటవాలుగా నడిపించడం) వచ్చినవాళ్ళు పొడుగు గోడ వెంట ఐదారు అడుగులు చేసి, వెంటనే మూలకు మూల గీతమీద పొడుగు పగ్గంతో వదలండి. కలెక్టెడ్ వాక్ మాత్రం ఈ ఆరు వారాలు పక్కనపెట్టండి. దాన్ని రోజూ సాధన చేయడమంత వేగంగా నడకను చెడగొట్టేది మరొకటి లేదు.

7. పగ్గాలు తిరిగి అందుకోవడం

పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే. ఫ్రీ వాక్ చక్కగా సాగుతుంది, మీడియం వాక్‌కు పగ్గాలు అందుకోగానే గుర్రం కుంచించుకుపోతుంది లేదా ట్రాట్‌కు ఎగురుతుంది. కారణం ఒక్కటే, రెండు మూడు గుంజుల్లో అందుకోవడం.

ఎనిమిది నుంచి పది అడుగులు తీసుకోండి. ఒక అడుగుకు ఎడమ పగ్గం రెండు వేళ్ళంత, తర్వాతి అడుగుకు కుడి పగ్గం అంత. చేతులు తలతో పాటు ఊగుతూనే ఉండాలి, పిక్కలు తాకుతూనే ఉండాలి. మధ్యలో గుర్రం బిగిస్తే అక్కడే ఆగి, ఆ పొడవుతో నాలుగు అడుగులు నడిచి, మళ్ళీ మొదలుపెట్టండి. 20 బై 40 మైదానం మూలకు మూల గీత 45 మీటర్లకు కాస్త తక్కువ. గీత చివర పదిహేను మీటర్లు పగ్గాలకు కేటాయిస్తే మూల తిరిగేలోపు పని అయిపోతుంది.

సమస్య ఉన్న గుర్రాలు

*చిందులు తొక్కే గుర్రం.* రేస్‌కోర్సు నుంచి వచ్చిన థరోబ్రెడ్‌లలో ఇది ఎక్కువ. మలక్‌పేట అయినా, మరో రేస్‌కోర్సు అయినా, అక్కడ పగ్గం బిగించడమంటే పరుగుకు సిద్ధం కమ్మని. మీరు ఆపాలని లాగేకొద్దీ అది ఇంకా సిద్ధమవుతుంది. కాళ్ళు దూరంగా పెట్టి, చేతులు బిగించి కూర్చోవడం సహజంగా అందరూ చేసే తప్పు. పిక్కలు మెత్తగా గుర్రాన్ని ఆనుకునే ఉంచండి. ఒక అడుగు కాలం ఆపి, మరుసటి అడుగుకే వదలండి. వినకపోతే 10, 12 మీటర్ల వలయంలోకి తిప్పండి, నడక రాగానే పగ్గం పొడుగు చేయండి. రెండు మూడు వారాలు నిదానమైన గుర్రం వెంట నడక తప్ప మరేమీ వద్దు. పరుగుల రోజుల నాటి దాణా తగ్గించి గడ్డి పెంచండి, రోజూ కొన్ని గంటలు బయట వదలండి. ఇంటిదారి పట్టినప్పుడే చిందులు మొదలవుతుంటే దారి మార్చండి, లాయం ముందునుంచే మళ్ళీ వెనక్కి తిప్పండి.

*ఒకపక్క కాళ్ళు జంటగా వేసే గుర్రం.* వీడియోలో 'వీ' కనిపించని గుర్రం ఇది. గట్టినేల మీద వింటే నాలుగు సమానమైన దెబ్బల బదులు రెండు జంటలు వినిపిస్తాయి. వీపు బిగిసినప్పుడు, పగ్గం పొట్టిదైనప్పుడు, నడక తరిమినప్పుడు వస్తుంది. దీనికి పొడవైన అడుగు అడగడం మానేయండి. వేగం తగ్గించి, నేల మీది కర్రలు, ఎత్తుపల్లాల నేల, షోల్డర్ ఇన్, పెద్ద వంపులు, వీటితో నాలుగు దెబ్బలు తెచ్చుకోవాలి. వచ్చిన నాలుగైదు అడుగులకే మెచ్చుకుని విశ్రాంతి ఇవ్వండి. వారం వారం వీడియో తప్పనిసరి, ఎందుకంటే జీనులో హాయిగా అనిపించే నడకే ఇక్కడ తప్పు నడక కావచ్చు.

*రేవాల్ ఉన్న గుర్రం.* మార్వాడీ, కాఠియావాడీ గుర్రాల్లో కొన్నిటికి రేవాల్ (కుదుపు లేని చురుకైన గతి) పుట్టుకతోనే వస్తుంది. దూరప్రయాణానికి సుఖమైన, విలువైన గతి అది, దాన్ని లోపమనడం అన్యాయం. కానీ నడక పరీక్షకు నడకే కావాలి. ఈ గుర్రాలను తరిమితే నడక రేవాల్‌లోకి జారుతుంది. కాబట్టి లయను 55 దగ్గర పట్టి ఉంచి, మెడ కిందికి వదిలి, కర్రల మీద ఎక్కువ పని చేయించండి. రేవాల్ కావాలనుకున్నప్పుడు వేరే సంకేతం, వేరే చోటు వాడండి, రెండూ కలపకండి.

వారాల లెక్క

మొదటి రెండు వారాలు 2, 3, 4 మెట్లు. మూడు, నాలుగు వారాల్లో నేల మీది కర్రలు, ఆగడం నడవడం. ఐదు, ఆరు వారాల్లో లేపిన కర్రలు, షోల్డర్ ఇన్, పగ్గాలు అందుకోవడం. బయటి నడక ఆరు వారాలూ ఉంటుంది. వారానికి ఐదురోజుల పని, రెండురోజులు సెలవు.

ఫలితం ఎలా తేల్చుకోవాలి

రెండు వారాలకోసారి 1వ మెట్టు మళ్ళీ చేయండి. అదే నేల, అదే సమయం, అదే రౌతు. లాడాలు మార్చిన వారంలో కొలవకండి. నేల మెత్తగా ఉంటే అంకెలన్నీ తగ్గుతాయి, వాన పడ్డ రోజు లెక్క పట్టించుకోవద్దు.

గుర్తు దాటే దూరం నాలుగైదు సెంటీమీటర్లు పెరిగితే మంచి ఫలితమే. ఇక్కడ ఒక జాగ్రత్త: పొట్టి నడుము, పొడుగు కాళ్ళు ఉన్న గుర్రం ఏ కష్టమూ లేకుండా ఎక్కువ దాటుతుంది, పొడుగు నడుము గుర్రం ఎంత బాగా నడిచినా తక్కువ దాటుతుంది. పక్కవాళ్ళ గుర్రంతో పోల్చకండి, మీ పాత కాగితంతోనే పోల్చండి. అడుగుల సంఖ్య తగ్గి, లయ మూడు నాలుగుకు మించి మారకుండా, వీడియోలో 'వీ' నిలిచి ఉంటే దారి సరైనదే.

ఆరు వారాల తర్వాత కూడా అంకెలు కదలకపోతే ఇంకో పరీక్ష ఉంది. జీను తీసేసి, సైసు చేత వదులు తాడుతో అదే 50 మీటర్లు నడిపించి లెక్కపెట్టండి. మనిషి గుర్రం భుజం పక్కన చురుగ్గా నడవాలి, ముందుండి లాగకూడదు. జీను లేనప్పుడు రెండు మూడు అడుగులు తగ్గుతున్నాయంటే గుర్రంలో నడక ఉంది, జీనో రౌతో దాన్ని అడ్డుకుంటున్నారు. జీను అమరిక చూపించి, మరో రౌతుతో మళ్ళీ కొలవండి. జీను ఉన్నా లేకున్నా లెక్క ఒకటే అయితే గిట్టలు, వీపు, తుంటి పశువైద్యుడికి చూపించాలి. ఎడమ, కుడి కొలతలు రాసిన కాగితం, వీడియోలు వెంట తీసుకువెళ్ళండి, ఏ కాలి దగ్గర వెతకాలో వాటితో ఆయనకు త్వరగా తెలుస్తుంది.